హేవ్‌లాక్ వెళ్తున్నారా? ముందు పోటు ఎప్పుడో చూసుకోండి

అండమాన్ నుంచి వచ్చాక కనిపించినవాళ్ళందరూ అడిగింది హోటల్ పేరు, ప్యాకేజీ రేటు. అవి చెప్తాను గానీ, ముందు నేను అడిగేది వేరే. మీరు వెళ్ళే రోజుల్లో అక్కడ పోటు (నీళ్ళు ఒడ్డుకి ఎక్కడం) ఎన్నింటికి, ఆటు (వెనక్కి తగ్గడం) ఎన్నింటికి? ఈ మాట అనగానే చాలామంది నా వైపు వింతగా చూస్తారు. మనం చూసిన సముద్రాలు అలాంటివి మరి. సూర్యలంక వెళ్ళినా, వైజాగ్ ఆర్కే బీచ్‌కి వెళ్ళినా, ఏ వేళప్పుడైనా కెరటాలు వచ్చి కాళ్ళు తడుపుతాయి. అండమాన్‌లోని ఈ హేవ్‌లాక్ దీవిలో అన్ని ఒడ్లూ అలా ఉండవు.

మేము దిగింది దీవికి తూర్పు వైపు, విజయనగర్ బీచ్ పక్కన. రూమ్ ముందు కొబ్బరిచెట్లు, అవి దాటితే నీలం నీళ్ళు, అచ్చం ఫోటోలో ఉన్నట్టే. భోంచేసి కాసేపు నడుం వాల్చి, టవళ్ళు భుజాన వేసుకుని బయటికొస్తే సముద్రం లేదు. ఉంది గానీ ఎక్కడో దూరంగా. మధ్యలో అంతా రాళ్ళు, వాటి సందుల్లో చీలమండ లోతు నీళ్ళు, అవి కూడా ఎండకి గోరువెచ్చగా ఉన్నాయి. పొద్దున తేలుతూ కనిపించిన పడవ ఒకటి పక్కకి ఒరిగి ఇసుకలో కూర్చుంది. నల్లగా, జానెడు పొడుగున్న సీ కుకుంబర్లు (దోసకాయల్లా ఉండే సముద్రజీవులు) కదలకుండా పడున్నాయి. మా చిన్నాడు వాటి దగ్గర గొంతుక్కూర్చుని ఇక లేవనన్నాడు. మా ఆయన మాత్రం ఇంత డబ్బు పోసి రూమ్ తీసుకుంటే ఇదేంటని మొహం మాడ్చుకున్నారు.

ఆటో అతను తెలుగువాడే. వాళ్ళ నాన్నది సోంపేట వైపు, ఇతను మాత్రం పుట్టిందీ పెరిగిందీ అండమాన్‌లోనే. అయినా యాస ఎక్కడికీ పోలేదు. "ఇప్పుడిక్కడ ఏటుంటాదమ్మా, నీళ్ళు తీసిపోనాయి. రాళ్ళ మీద నడిస్తే కాళ్ళు తెగిపోతాయి. ఏడో నంబరుకెల్దాం రండి, అక్కడైతే ఇసకే" అన్నాడు.

ఏడో నంబరంటే రాధానగర్. హేవ్‌లాక్‌లో బీచ్‌లకి నంబర్లుంటాయి. విజయనగర్ ఐదు, గోవింద్‌నగర్ మూడు. 1950ల్లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకి ఇక్కడ భూములిచ్చారు. ఊళ్ళ పేర్లు కృష్ణనగర్, శ్యామ్‌నగర్ అని ఉండటం, మెస్సుల్లో చేపల పులుసు ఆవాల ఘాటుతో రావడం అందుకే. రాధానగర్ పడమటి ఒడ్డున ఉంది. అక్కడ అడుగంతా మెత్తటి ఇసుక కాబట్టి ఆటులో కూడా హాయిగా దిగొచ్చు. తూర్పు ఒడ్డు అలా కాదు, చదునైన పగడపు దిబ్బ మీద ఉంది. నీటిమట్టం ఒకటి రెండు మీటర్లు దిగిందంటే చాలు, చాలా దూరం వరకూ అడుగు బయటపడిపోతుంది. అందుకని బీచ్ పక్కనే రూమ్ కావాలని ఎక్కువ డబ్బు పెట్టేముందు ఆ బీచ్ ఏ వైపుదో చూడండి. తూర్పు వైపు తీసుకుంటే సూర్యోదయం చూస్తూ కాఫీ తాగడానికి తీసుకోండి, ఈతకి కాదు.

లెక్క కష్టమేమీ కాదు. రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరు గంటలు. ఈ రోజు ఉన్న టైముకి రేపు దాదాపు 50 నిమిషాలు కలుపుకోవాలి. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్ళు బాగా పైకొస్తాయి, బాగా వెనక్కీ పోతాయి. కాబట్టి టికెట్లు కొనేముందు వంటింటి గోడ మీదున్న క్యాలెండర్ చూసినా సగం పని అయిపోతుంది. కచ్చితమైన టైములు పోర్ట్ బ్లెయిర్ పేరు కొడితే ఫోన్‌లోనే దొరుకుతాయి. సముద్రం ఎంత పోటెత్తి ఉంటుందో, అలలు ఎంత ఎత్తున ఉంటాయో ముందే చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది ఎక్కడనుకున్నారు? సముద్రం లేని మన హైదరాబాద్‌లో!

నీల్ దీవికి వెళ్తే ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ రాతి వంతెన ఒకటుంది, అందరూ హౌరా బ్రిడ్జి అంటారు. దాని దగ్గరికి ఆటులోనే వెళ్ళగలం. మేము వెళ్ళేసరికి నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. రాళ్ళ గుంటల్లో చిన్న చిన్న చేపలు, నీలం పెదవులున్న పెద్ద ఆల్చిప్పలు. వేలు దగ్గర పెడితే టక్కున మూసుకుంటాయి. అదే దీవిలో భరత్‌పూర్ బీచ్‌లో గాజు అడుగు పడవ ఎక్కాలంటే మాత్రం నీళ్ళుండాలి. పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి అని ప్యాకేజీవాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఇవేవీ ఉండవు. వాళ్ళకి డ్రైవర్ ఖాళీ ఎప్పుడన్నదే లెక్క. ఆ కాగితం పట్టుకుని అక్కడి డ్రైవర్నే అడిగి, వరస మార్చించుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు.

పొద్దు సంగతీ అంతే. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. అది మన కాకినాడ దగ్గర నుంచే పోతుంది. హేవ్‌లాక్ ఉన్నది 93 డిగ్రీల దగ్గర. అంటే సూర్యుడు అక్కడికి 42 నిమిషాలు ముందే వస్తాడు, ముందే వెళ్ళిపోతాడు. చలికాలంలో సాయంత్రం ఐదు దాటితే చీకటే. నాలుగింటికి టీ తాగి తీరిగ్గా బయల్దేరితే రాధానగర్‌లో సూర్యాస్తమయం మిగలదు. లైఫ్‌గార్డులు విజిల్ వేసి అందరినీ నీళ్ళలోంచి బయటికి పిలుస్తుంటారు. మొసలి బొమ్మలున్న బోర్డులు చూసి నవ్వకండి. ఉప్పునీటి మొసళ్ళు అక్కడ నిజంగానే ఉన్నాయి, 2010లో ఈ దీవిలోనే ఒక విదేశీ పర్యాటకురాలి ప్రాణం తీశాయి. లైఫ్‌గార్డ్ వద్దన్నాడంటే వద్దు, అంతే. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తే మాత్రం ఆ దీవి మొత్తం మీదే.

వాతావరణానికొస్తే, జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మే నుంచి వానలు. పిల్లల వేసవి సెలవులని మే చివర్లో పెట్టుకునేవాళ్ళు ఎక్కువ, నేనైతే వద్దంటాను. గాలి ముదిరితే ఫెర్రీలు ఆగిపోతాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి ఫెర్రీని బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. ఏసీ హాలు, తెరవడానికి వీల్లేని కిటికీలు. నా పక్క సీటావిడ ఎక్కగానే పులిహోర డబ్బా తెరిచారు. అరగంటకి డబ్బా పక్కనపెట్టి కవర్ అందుకున్నారు. వాంతుల మాత్ర వేసుకోవాలంటే ఎక్కాక కాదు, అరగంట ముందే. కడుపు మరీ ఖాళీగా వద్దు, నిండుగా అసలే వద్దు.

స్కూబా, అంటే గాలి సిలిండర్‌తో సముద్రం అడుగుకి దిగడం, చేయడానికి ఈత రానక్కర్లేదు. నాకూ రాదు. ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి పట్టుకునే ఉంటాడు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఫారమ్‌లో దాచకుండా రాయాలి. డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోవాలి కాబట్టి చివరి రోజుకి పెట్టుకోకండి.

బారాటాంగ్ అనే మరో దీవి ప్యాకేజీలో ఉంటే తీయించేశాం. ఆ దారి జారవా తెగవాళ్ళ అడవి మధ్య నుంచి పోతుంది. బళ్ళన్నీ కాన్వాయ్‌గానే వెళ్ళాలి, ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు. ఇన్ని నిబంధనలున్నా మనుషుల్ని చూడ్డానికే ఆ దారిన వెళ్ళేవాళ్ళున్నారు. నాకు మనసొప్పలేదు. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే గడిపాం. 2024 నుంచి దాని పేరు శ్రీవిజయపురం, అయినా ఆటోవాళ్ళ నోట పాత పేరే. సెల్యులార్ జైలు ఏడు విభాగాల్లో మిగిలినవి మూడే. మధ్య బురుజు ఎక్కితే మిగతావి ఏ వైపు ఉండేవో అర్థమవుతుంది. జంగ్లీఘాట్ వెళ్తే శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకారుల కుటుంబాలు, తెలుగు మాటలు. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. భాష వస్తుందో రాదో అని టెన్షన్ పడక్కర్లేదు.

సామాన్లలో డబ్బు నోట్లుగా కొంచెం ఎక్కువ పెట్టుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ మెరుగుపడింది గానీ, చిన్న దీవుల్లో ఫోన్ పేమెంట్ మొరాయిస్తే పక్కనే ఏటీఎం ఉండదు. రబ్బరు అడుగున్న, వెనక పట్టీ ఉన్న చెప్పులు తప్పనిసరి. సాయంత్రాలు ఇసుక మీద కంటికి కనిపించని దోమల్లాంటివి కుడతాయి, కాళ్ళకి కొబ్బరినూనె రాసుకోమని అక్కడివాళ్ళే చెప్పారు. పగడపు ముక్కలు, చచ్చినవైనా సరే, ఏరి తెచ్చుకోకూడదు. అది వన్యప్రాణి చట్టం కింద నేరం. ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో మా ముందున్న కుటుంబం బ్యాగ్ విప్పించి, పాప డబ్బాలో దాచుకున్నవన్నీ బల్ల మీద పోయించారు. పాప ఏడుపు బోర్డింగ్ దాకా ఆగలేదు. పిల్లలకి ఆ సంగతి బీచ్‌లో ఉండగానే చెప్పేయండి.