కాంపాక్ట్ కెమెరాయే లైట్ మీటరు: యాషికామ్యాట్‌తో ఇప్పటిదాకా

సరంజామా: యాషికామ్యాట్ 124జి (పాత ఫిల్ము కెమెరా), కానన్ ఎస్95 (జేబులో పట్టే డిజిటల్ కాంపాక్ట్), ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ 120 రీళ్లు (నలుపు-తెలుపు ఫిల్ము, ఐఎస్‌ఓ 400; ఐఎస్‌ఓ అంటే వెలుతురుకు స్పందించే వేగం). 124జిలో వెలుతురు కొలిచే మీటరును 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి లెక్కకట్టి చేశారు. ఆ బ్యాటరీ ఇప్పుడు దొరకదు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే ముల్లు తప్పు చూపిస్తుంది. పైగా వాడేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి ఆ తప్పు కూడా ఒక్కచోట నిలవదు. అందుకే మీటరు పనిని జేబులో పట్టే డిజిటల్‌కు అప్పజెప్పాం. ఫోన్ యాప్‌తో పనైపోదా అంటే, చాలావరకు అవుతుంది. కాకపోతే ఈ కాంపాక్ట్‌లో జూమ్ చేసి స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో చిన్న చోటునే కొలవడం) పెడితే దూరంగా ఉన్న చిన్న నీడను కూడా విడిగా కొలవొచ్చు.

సెట్టింగులు: ఎం మోడ్ (షట్టర్, ఎపర్చర్ మనమే పెట్టేది), స్పాట్ మీటరింగ్. ఆటో ఐఎస్‌ఓ, ఫ్లాష్, ఫేస్ డిటెక్షన్, ఐ-కాంట్రాస్ట్ అన్నీ ఆఫ్. ఐ-కాంట్రాస్ట్ లాంటివి నీడల్ని తేల్చడానికి తెరవెనక లెక్క మారుస్తాయి. ఫేస్ డిటెక్షన్ ఉంటే మనం ఒకచోట చూపిస్తే అది ఎదురుగా ఉన్న మొహాన్ని కొలుస్తుంది. ఇక స్క్రీన్ మీద బొమ్మ వెలుగును చూసి ఏదీ తేల్చకండి, ఎండలో అది ఎప్పుడూ చీకటిగానే కనిపిస్తుంది. బటన్ సగం నొక్కి, తెర మీది ఎక్స్‌పోజర్ స్కేలు సున్నాకు వచ్చేదాకా షట్టర్ వేగం మార్చాలి. అంతే.

మొదటి చిక్కు ఎండలోనే వచ్చింది. ఎస్95లో ఎపర్చర్ (లెన్సు కన్నం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్/8 దాటదు, షట్టర్ సెకనులో 1/1600 దాటదు. ఐఎస్‌ఓ 400 పెడితే నడినెత్తి ఎండకు సరిగ్గా ఆ రెండూ కావాలి. సున్నం కొట్టిన గోడో ఇసుకో ఎదురైతే అదీ చాలదు. అందుకని ఎండలో కాంపాక్ట్‌ను ఐఎస్‌ఓ 100లో ఉంచి కొలుస్తున్నాం. ఎఫ్/8, 1/400 వచ్చిందనుకోండి. 400 ఫిల్ముకు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) మూయాలి కాబట్టి ఎఫ్/16, షట్టర్ 1/400. యాషికామ్యాట్‌లో ఆ అంకె లేదు, దగ్గరది 1/500. ఆ చిన్న తేడాతో ఏమీ కాదు. కొలత రెండు అంకెలకు సరిగ్గా నడుమ పడితే మాత్రం నెగెటివ్ ఫిల్ముకు నెమ్మది షట్టరే ఎంచుకోవాలి. ఎక్కువ వెలుతురును అది ఓర్చుకుంటుంది, తక్కువను ఓర్చుకోదు.

తేడా పట్టడం: డిజిటల్‌లో ఐఎస్‌ఓ 400 అంటే ఫిల్ము 400తో అచ్చంగా సమానం కాకపోవచ్చు. ప్రమాణంలోనే తయారీదారుకు కొంత వెసులుబాటు ఉంది. దానికితోడు గాజులో పోయే వెలుతురును ఎఫ్ నంబరు లెక్కలోకి తీసుకోదు. ఒకే వెలుగు పడే గ్రే కార్డు (కొలతకు వాడే నడిమి బూడిదరంగు అట్ట) మీద, నమ్మకమైన చేతిమీటరుతో పోల్చితే మా ఎస్95 మూడోవంతు స్టాపు తక్కువ ఎక్స్‌పోజర్ చెబుతోంది. మందు సులువే: 400కు బదులు 320, 100కు బదులు 80. ఈ పరీక్షను ఫిల్ము మీద చేయొద్దు. పాత షట్టర్ తప్పు, మీటరు తప్పు కలగలిసిపోయి ఏది ఎవరిదో తేలదు. షట్టర్‌ను వేరే చూడాలి: వెనక మూత తెరిచి, లెన్సు వెనక నుంచి ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వీడియో తీస్తే 1/30కి 8 ఫ్రేములు, 1/8కి 30 ఫ్రేములు వెలుగు కనిపించాలి. అంతకన్నా వేగాలకు ఈ పద్ధతి పనికిరాదు.

పరీక్ష రీలు: 12 ఫ్రేములను నాలుగు దృశ్యాలకు పంచాం. ఒక్కోదానికి మీటరు చెప్పినది, ఒక స్టాపు ఎక్కువ, ఒక స్టాపు తక్కువ. ఎండ, మబ్బు రెండింట్లో మీటరు మాటే సరిపోయింది. దెబ్బతిన్నది వరండా. బయట వాకిలంతా ఎండ, లోపల నీడలో చెక్క తలుపు. ఇక్కడ కావాలనే ఎవాల్యుయేటివ్ మీటరింగ్‌తో (ఫ్రేమంతటినీ చూసి లెక్క తేల్చేది) కొలిచాం. వాకిలి వెలుగు మీటరును లాక్కుపోయింది. నెగెటివ్‌లో తలుపు ఉన్నచోట ఏమీ లేదు, ఉత్త ఫిల్ము. ఇలాంటి చోట తలుపు మీదే స్పాట్ పెట్టి కొలిచి, అక్కడి నుంచి రెండు స్టాపులు మూయాలి. మీటరు దేన్ని చూసినా నడిమి బూడిదరంగు చేయాలనే చూస్తుంది, మనకు ఆ తలుపు ముదురుగా, చెక్క గీతలు కనిపించేలా రావాలి. ఉదాహరణకు ఎఫ్/4, 1/60 వస్తే ఎఫ్/8, 1/60 పెట్టాలి.

ఫిల్టర్లకు: పసుపుకు ఒక స్టాపు, ఎరుపు 25కు మూడు. ఫిల్టర్‌ను కాంపాక్ట్ ముందు పెట్టి కొలవకండి, రంగులకు సెన్సరు స్పందన వేరు, ఫిల్ము స్పందన వేరు.

రాత్రి కొలతలు ఇంకా సాగుతున్నాయి. కొన్ని కాంపాక్ట్‌లు షట్టర్ సెకను దాటాక ఐఎస్‌ఓను వాటంతటవే తగ్గించేస్తాయి, అందుకని తెర మీద అంకె మళ్లీ చూసుకోవాలి. సెకను దాటితే ఫిల్ము కూడా మందగిస్తుంది. హెచ్‌పీ5కు కొలిచిన సెకన్లను 1.31 ఘాతానికి హెచ్చించాలి: 4 సెకన్లకు 6, 10కి 20, 15కి 35.