ఆరుబయట పొగ, నా ఊపిరి

నాకు సీఓపీడీ ఉంది, అంటే శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడటం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. నేను ఏనాడూ సిగరెట్ ముట్టలేదు. చిన్నతనం నుంచి వెంటాడిన ఉబ్బసం వల్ల శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయాయని, ఇన్‌హేలర్ మందు పీల్చిన తర్వాత కూడా నేను మొదటి సెకనులో వదలగలిగే గాలి మొత్తం వదిలే గాలిలో 70 శాతానికి లోపే ఉందని, ఊదిన గాలిని కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చూసి డాక్టరుగారు చెప్పారు. అయినా మందులు క్రమం తప్పకుండా వాడుతూ, ఆయాసం వచ్చినచోట కాసేపు ఆగుతూ, నా పనులు నేనే చేసుకునేదాన్ని.

ఒక జలుబు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, వాన కురుస్తుండగా బస్ షెల్టర్‌లో నిలబడవలసి వచ్చింది. మూడు వైపులా మూసి ఉన్న ఆ చోట నాకు ఒకవైపు ఒకరు, మరోవైపు ఇంకొకరు సిగరెట్ కాలుస్తున్నారు. బయటికి వెళితే తడుస్తాను, లోపల ఉంటే పొగ. బస్సు వచ్చేసరికే ఛాతీ పట్టేసింది. రాత్రికి పిల్లికూతలు మొదలయ్యాయి. పడుకోలేక, మోకాళ్లపై చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చుని తెల్లవార్లూ గాలి కోసం పెనుగులాడాను. మాట పూర్తిగా పలకలేని స్థితిలో ఆసుపత్రిలో చేర్చారు. నెబ్యులైజర్, స్టెరాయిడ్ మాత్రలు, యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆక్సిజన్‌ను మాత్రం కొలిచి కొలిచి పెట్టారు, ఎందుకంటే నాలాంటి రోగుల్లో అది మితిమీరితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ప్రమాదం ఉంది. అందుకే రక్తంలో ఆక్సిజన్ స్థాయి (సాచురేషన్) 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా చూస్తారు.

జలుబుతో అప్పటికే వాచి ఉన్న నాళాలను పొగ మరింత బిగుసుకునేలా చేసి ఉంటుందని డాక్టరుగారు అన్నారు. ఏది ఎంత కారణమో విడదీసి చెప్పలేమని కూడా ఆయనే అన్నారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఆరుబయట పొగ గాలిలో కలిసిపోతుంది కదా అని చాలామంది మనస్ఫూర్తిగానే నమ్ముతారు. అది సగం నిజం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2007లో ప్రచురించిన కొలతల ప్రకారం, ఆరుబయట కూడా కాలుతున్న సిగరెట్‌కు ఒకటిన్నర అడుగుల దూరంలో, గాలి వాలు వైపు ఉన్న మనిషి పీల్చే సూక్ష్మ కణాలు గదిలో పీల్చేటంత స్థాయికి చేరగలవు. రెండు మీటర్లు దాటితే బాగా తగ్గుతాయి, సిగరెట్ ఆర్పగానే దాదాపు మాయమవుతాయి. కాబట్టి విశాలమైన మైదానంలో దూరాన ఎవరో కాలుస్తున్న సిగరెట్ నన్ను భయపెట్టదు. నన్ను భయపెట్టేవి తప్పుకోవడానికి చోటులేని ఇరుకు తావులు: షెల్టర్లు, క్యూలు, గుమ్మాలు. పైగా సిగరెట్ కొన నుంచి నేరుగా లేచే పొగ తక్కువ వేడిలో, ఏ వడపోతా లేకుండా వస్తుంది కాబట్టి అందులో అనేక విషపదార్థాలు పొగతాగేవారు లోపలికి పీల్చే పొగలో కన్నా ఎక్కువగా ఉంటాయి.

కోలుకోవడం మెల్లగా సాగింది. పల్మనరీ రిహాబిలిటేషన్ అనే ఊపిరితిత్తుల పునరావాస శిక్షణ‌లో పెదవులు బిగించి నెమ్మదిగా గాలి వదలడం, ఊపిరిని అడుగులతో జతచేసి మెట్లెక్కడం నేర్పించారు. ముక్కుతో పీల్చి, పీల్చిన దానికి రెట్టింపు సేపు వదలాలి. అలా చేస్తే నాళాలు మధ్యలోనే మూసుకుపోకుండా లోపల చిక్కుకున్న గాలి బయటికి వస్తుంది. ఇది నాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. కానీ ఆ శిక్షణ కేంద్రం గుమ్మం పక్కనే పొగతాగేవారి కోసం బూడిద డబ్బా పెట్టారు. రోగులమంతా ఆ పొగలోంచే లోపలికి వెళ్లేవాళ్లం, వ్యాయామం చేసి అలసిన ఊపిరితో మళ్లీ అందులోంచే బయటికి వచ్చేవాళ్లం. ఎన్-95 మాస్కు కణాలను ఆపుతుంది కానీ వాయువులను ఆపదు, పైగా దానితో నాకు ఊపిరాడటం కష్టమవుతుంది.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ముందు గాలి ఎటు వీస్తోందో చూసి నిలబడతాను. తప్పుకునే వీలు లేకపోతే, "నాకు ఊపిరితిత్తుల జబ్బు ఉందండీ, కాస్త అటువైపు వెళతారా?" అని అడుగుతాను. ఎక్కువమంది మర్యాదగానే జరుగుతారు. విసుక్కునేవాళ్లూ ఉన్నారు; వాళ్లతో వాదిస్తే ఖర్చయ్యేది నా ఊపిరే కాబట్టి వాదించను. అయితే ఊపిరాడని మనిషి ప్రతిసారీ తన జబ్బు చెప్పుకుని బతిమాలుకోవలసి రావడం న్యాయం కాదు. అందుకే శిక్షణకు వచ్చే కొందరం కలిసి, ఆ బూడిద డబ్బాను గుమ్మానికి దూరంగా, ఎవరూ దాటిపోనవసరం లేని మూలకు మార్చమని నిర్వాహకులకు అర్జీ రాసి ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్లి అడుగుతాం.