సెకనుకు ఎన్ని సైకిల్స్?

మన బడిలో టైమంటే వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్కే. పదో తరగతిలో సైన్సు మాస్టారు బోర్డు మీద సెకనుకు 50 సైకిల్స్ అని రాసి, అంటే మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుందని చెప్పి, ఆ సైకిల్స్‌ని పట్టుకుని నడిచే గడియారాలు కూడా ఉంటాయర్రా అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఉద్యోగానికని మసాచుసెట్స్ వచ్చాక ఒక పాత సామాన్ల సంతలో టెలిక్రాన్ అనే కంపెనీ చేసిన కరెంటు గడియారం దొరికింది. ప్లగ్గు పెట్టగానే సెకన్ల ముల్లు టిక్కుటిక్కు లేకుండా, ఎక్కడా ఆగకుండా జారుతూ తిరిగింది. మాస్టారు చెప్పింది ఇదే! ఇప్పుడు నా దగ్గర పద్నాలుగున్నాయి. కొన్ని గరగరమంటాయి, మూసేసిన డబ్బాలో గేర్లకున్న నూనె ఎండిపోయి. చిన్న బెజ్జం వేసి, కొత్త నూనె పోసి, మళ్లీ టంకం పెడితే చాలా వరకు నెమ్మదిస్తాయి. ఆదివారాలు దానికే సరిపోతాయి.

వీటిని తయారు చేసిన హెన్రీ వారెన్ ఫ్యాక్టరీ ఇక్కడి ఆష్‌లాండ్‌లోనే ఉండేది, ఆ ఊరి హైస్కూలు జట్లకు ఇప్పటికీ క్లాకర్స్ అనే పేరు. ఈ గడియారాల్లో లోలకం ఉండదు. 60 సైకిల్స్ కరెంటుకి మోటారు నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతుంది, అంతే. మరి పవర్‌హౌస్‌లోనే ఆ 60 అటూ ఇటూ అయితే? అందుకని ఆయన పవర్‌హౌస్ వాళ్ల కోసం ఇంకో గడియారం చేశాడు, అందులో ఒక ముల్లు లోలకంతో, ఇంకోటి కరెంటుతో నడుస్తుంది. రెండూ కలిసి తిరిగేలా జనరేటర్లను సర్దుకుంటే చాలు, ఆ కరెంటు మీదున్న గడియారాలన్నీ సరైన టైము చూపిస్తాయి. 1916లో బోస్టన్‌లో పెట్టారు దాన్ని. ఎవరింట్లోనూ ఎవరూ కీ ఇవ్వకుండా ఊరంతా ఒకే టైము! నాకు వీటి మీద ఇంత ప్రేమ అందుకే.

ఒకసారి ఒకటి మన ఊరు తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌తో 110 వోల్టులకి పెట్టాను. గంట తిరిగేసరికి పది నిమిషాలు వెనకబడింది. "చెడిపోయినదాన్ని అంత దూరం నుంచి మోసుకొచ్చావా నాయనా" అంది అమ్మ. చెడిపోలేదు, 60కి చేసినది మన 50 మీద నడుస్తోంది. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది, పొద్దున చూస్తే డయల్ మీద చిన్న కిటికీలో ఎర్ర చుక్క. మధ్యలో కరెంటు పోయింది, నా టైము నమ్మొద్దు అని అర్థం.

మాస్టారికి చూపించలేకపోయాను, అప్పటికే ఆయన లేరు. ఈసారి మన పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ఆ గడియారాన్నే తెస్తున్నాను. మన ల్యాబులో పెట్టి, ఎందుకు వెనకబడుతోందో పదో తరగతి పిల్లల్నే కనిపెట్టమందాం, ముందుగా ఎవరూ చెప్పొద్దు.