నాన్న పొలం పంచుకున్నప్పుడు

నాన్న వీలునామా రాయకుండానే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఒంగోలుకి దగ్గర్లో, గుండ్లకమ్మ ఒడ్డున మా ఊరు. అక్కడ ఆయన పేరు మీద 3 ఎకరాల 60 సెంట్ల పొలం, ఒక డాబా ఇల్లు ఉన్నాయి. మేం ముగ్గురం. అన్నయ్య ఊళ్లోనే ఉండి వ్యవసాయం చేస్తాడు. తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఆ ఆస్తి మా మధ్య ఎలా పంపకమైందో, అందులో మా విశ్వాసానికి పని ఎక్కడ పడిందో రాయాలనిపించింది. మన క్రైస్తవ సంఘాల్లో ఆస్తి తగాదాల కోసం ప్రార్థన చేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, మనకు వర్తించే చట్టం ఏమిటని అడిగేవాళ్లు చాలా తక్కువ.

నాన్న పోయాక పెట్టిన ఆదరణ కూడిక అయిపోయి చుట్టాలంతా వెళ్లాక అన్నయ్య ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. హక్కు విడుదల దస్తావేజు. "పెళ్లప్పుడు నీకు నాన్న ఇచ్చారు కదమ్మా. అమ్మ సంతకం పెడతానంది. నువ్వూ పెడితే నేనూ తమ్ముడూ చెరి సగం రాయించుకుంటాం" అన్నాడు. కోపంగా అనలేదు, మోసం చేయాలనీ అనలేదు. మా చుట్టుపక్కల ప్రతి ఇంట్లో జరిగేదే అడిగాడు. "కొంచెం టైమివ్వు అన్నయ్యా" అన్నాను.

నా వాటా పోతుందన్న బాధ కన్నా, అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటన్న భయం ఎక్కువైంది. నేను వార్డులో రోజూ చూసేది అదే. డెబ్బై ఏళ్ల తల్లిని చేర్పిస్తారు. రాత్రి ఎవరుండాలి, మందులకు ఎవరివ్వాలి అని కొడుకులు వరండాలో వంతులు వేసుకుంటుంటే ఆమె కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకుంటుంది. వాళ్లంతా చెడ్డ కొడుకులని నేననను. ఆమె పేరు మీద ఏమీ లేకపోవడంతో ఆమె ప్రతి ఖర్చూ ఎవరో ఒకరి మీద భారం అవుతోంది, అంతే. మా అమ్మ అలా పడుకోకూడదు అనుకున్నాను.

ఒంగోలులో ఒక లాయరు గారిని కలిశాను. ఆయన మొదట అడిగింది, "మీ రికార్డుల్లో మతం ఏమని ఉంది?" అని. అడగాల్సిన ప్రశ్నే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. అందుకే ఆదివారం మందిరంలో కూర్చునే ఎన్నో కుటుంబాలు కాగితాల్లో హిందువులుగా ఉంటాయి. వాళ్ల కష్టం నాకు తెలుసు, వాళ్లను తప్పు పట్టను. మా ఇంట్లో తాత మిషన్ బడిలో పంతులుగా చేసిన రోజుల నుంచీ క్రైస్తవులమనే రాయించారు. మాది బీసీ-సీ, అంటే క్రైస్తవంలోకి మారిన ఎస్సీ కుటుంబాలకిచ్చే వర్గం.

అలాగైతే హిందూ వారసత్వ చట్టం మీకు వర్తించదన్నారాయన. ఆడపిల్లల హక్కు అనగానే అందరికీ గుర్తొచ్చే ఎన్టీఆర్ గారి కాలం నాటి సవరణ గానీ, 2005 సవరణ గానీ మన గురించినవి కావు. క్రైస్తవులకున్నది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా భర్త చనిపోతే భార్యకు మూడో వంతు. మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానం, కొడుకనీ కూతురనీ తేడా లేదు. కొడుకులకు జన్మహక్కు అన్న మాటే ఆ చట్టంలో లేదు. తండ్రి బతికుండగా ఒక బిడ్డకు ముందే ఏమైనా ఇచ్చి ఉంటే, దాన్ని ఆ బిడ్డ వాటాలోంచి తీసెయ్యకూడదని కూడా 49వ సెక్షన్‌లో ఉంది. అంటే నా పెళ్లి కట్నం ఈ లెక్కలోకి రాదు. కేరళలో తిరువాన్కూరు వైపు క్రైస్తవ ఆడపిల్లలకు ఈ చట్టం వర్తిస్తుందని తేలడానికి మేరీ రాయ్ గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, తీర్పు 1986లో వచ్చింది. మన దగ్గర అలాంటి అడ్డేమీ లేదు. అయినా ఎవరూ అడగరు.

తొమ్మిది వంతులు వేస్తే అమ్మకి 3, మాకు తలా 2. పొలంలో అమ్మకి 120 సెంట్లు, మాకు తలా 80 సెంట్లు.

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "కోర్టుకెళ్తావా?" అన్నాడు. "వెళ్లను. కానీ సంతకం కూడా పెట్టను. అమ్మ వాటా తేలాకే మిగతావి మాట్లాడుకుందాం" అన్నాను. ఆ తర్వాత నెలలు గడిచినా మా మధ్య సరిగా మాటల్లేవు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకునే ఆదివారం వస్తే నాకు గుండె బరువెక్కేది. అర్పణ తెచ్చినప్పుడు సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ఉంది కదా. సమాధానపడటమంటే సంతకం పెట్టేయడమేనా? చుట్టాల్లో కొందరు అదే చెప్పారు. "క్రీస్తు ప్రేమ ఉన్నదానివి, వదిలెయ్యమ్మా" అన్నారు. ఈ మాట ఎప్పుడూ ఆడపిల్లతోనే అంటారు.

పాస్టరు గారి దగ్గరికి వెళ్లి, "అయ్యగారూ, మీరు కూర్చుని తీర్పు చెప్పండి" అని అడిగాను. ఆయన లూకా సువార్త 12వ అధ్యాయం తీశారు. ఒకడు వచ్చి, మా అన్న నాకు పాలు పంచిపెట్టేలా చెప్పమంటే యేసు ఆ తీర్పరితనం ఒప్పుకోలేదు. "ప్రభువే చెయ్యని పని నేను చెయ్యనమ్మా. వచ్చి ప్రార్థన చేస్తాను, మీ మధ్య కూర్చుంటాను. లెక్క మాత్రం మీరే చూసుకోండి" అన్నారు. అప్పుడు నిరాశ పడ్డాను గానీ, ఆయన చేసిందే మంచిదైంది. అన్నయ్య తరఫునో నా తరఫునో మాట్లాడి ఉంటే ఇంకొకరు సంఘానికి దూరమయ్యేవాళ్లు.

ఆ రోజుల్లో నైట్ డ్యూటీలో, వార్డు సద్దుమణిగాక, సంఖ్యాకాండము 27 చదివేదాన్ని. సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురూ మోషే ముందు నిలబడి మా తండ్రి భాగం మాకివ్వమని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడన్నాడు. అడగడం అవిశ్వాసం కాదని అక్కడ నాకు ధైర్యం వచ్చింది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మా ప్రాంతంలో తాతల నుంచి చెప్పుకునే సంగతి. 1876 నుంచి 78 దాకా ధాత కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా కరువు పని నడిచినంతకాలం ఇవ్వలేదు, తిండి కోసం మారారన్న మాట రాకూడదని. కరువు తీరాక, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాన్న ఇది చెప్పినప్పుడల్లా ఆ సంఖ్య దగ్గర ఆగేవారు. నాకు ఇప్పుడు దానికన్నా ముందు జరిగినదే పెద్దదిగా కనిపిస్తుంది. కూలి కూలిగా ఇచ్చాడు, కృపను అందులో కలపలేదు. మా ఇంట్లో కూడా ముందు ఎవరికి రావాల్సింది వాళ్లకు రావాలి. ఇచ్చిపుచ్చుకునేది ఏమున్నా ఆ తర్వాత.

అన్నయ్యకి రావాల్సింది కూడా ఉందని వదినతో కూర్చున్నప్పుడు పూర్తిగా తెలిసింది. నాన్నకి డయాలసిస్ జరిగినన్నాళ్లూ ఆటోలో తీసుకెళ్లి తీసుకొచ్చింది అన్నయ్య. మంచం మీద అన్నీ చేసింది వదిన. ఆమె గాజులు, గొలుసు తాకట్టులో ఉన్నాయి. "ఆ సంగతి ఎవరూ అడగలేదు అమ్మాయ్, నేనూ చెప్పలేదు" అంది వదిన. నేను కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను, ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. ఆ రోజు ఇద్దరం ఏడ్చాం.

తమ్ముడు సెలవు పెట్టి వచ్చాడు. అయ్యగారు ప్రార్థన చేసి పక్కన కూర్చున్నారు. ఇల్లు అన్నయ్యకి, అమ్మ బతికున్నంతకాలం అందులో ఉండే హక్కుతో. పొలం చట్టం చెప్పినట్టే తొమ్మిది వంతులు. ఇల్లు అన్నయ్యకివ్వడం మా ఔదార్యం కాదని, వాళ్లు చేసిన సేవకు అది చెందాల్సిందేనని నేనే పైకి చెప్పాను. తమ్ముడు రిజిస్ట్రేషన్ ఖర్చులు తను పెట్టుకుంటానన్నాడు. అమ్మ మాత్రం, "నా పేరు మీదెందుకే, నేనింకా ఎన్నాళ్లుంటాను" అంటూనే ఉంది. "ఉన్నన్నాళ్లూ నీదే అమ్మా" అన్నాను.

కాగితాల పని ఊరికే కాలేదు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ, భూమి ఎవరి పేరున ఉందో చూపే 1-బి. సర్టిఫికెట్ కోసం వీఆర్వో వచ్చి ఇరుగుపొరుగును విచారించి వెళ్లాడు. పాస్‌బుక్‌లో నాన్న పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, మందిరం రిజిస్టరులో మరోలా ఉంది. ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ ఇచ్చి, దస్తావేజులో పేర్లన్నీ రాయించాం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్వర్ పనిచేయక ఒకసారి వెనక్కి రావాల్సి వచ్చింది. చివరికి అందరం వేలిముద్రలు వేశాం, భాగ పరిష్కార దస్తావేజు రిజిస్టరైంది.

బయటికొచ్చాక అన్నయ్యతో చెప్పాను. "నా 80 సెంట్లూ నువ్వే సాగు చెయ్యి. వదిన బంగారం విడిపించేదాకా నాకు కౌలు వద్దు." ముందే చెబితే బేరం అవుతుందని అప్పటిదాకా నోరెత్తలేదు. సంతోషిస్తాడనుకున్నాను. ముఖం మాడ్చుకున్నాడు. "ఊరికే నాకెందుకు? పంటలో సగం ఇస్తా" అన్నాడు. చాలాసేపు ఒప్పుకోలేదు. తన చేత్తో ఇవ్వడం అలవాటైన పెద్దవాడికి తీసుకోవడం అంత కష్టమని అప్పుడు చూశాను. దేవుడి దగ్గర మనమందరం చేసేదీ అదే, ఏదో ఒకటి కట్టేస్తామంటాం. వదినే, "అమ్మాయి ప్రేమతో ఇస్తోంది, తీసుకోండి" అంది.

శనగ పంట వచ్చాక గొలుసు విడిపించారు, గాజులు ఇంకా ఉన్నాయి. అమ్మ పొలానికి మాత్రం అన్నయ్య కౌలు ఆమె బ్యాంకు ఖాతాలో వేస్తున్నాడు. అందులోంచి అమ్మ దశమభాగం (పదో వంతు కానుక) తీసి మందిరంలో తన పేరుతో కవరు వేస్తోంది. ఇన్నాళ్లూ నాన్న పేరుతోనే వేసేది. తమ్ముడి భాగానికి సర్వేయరు వచ్చి సబ్ డివిజన్ చెయ్యాలి, అది ఇంకా కాలేదు.

ఈ మధ్య మా పెదనాన్న గారింట్లో పంపకాల మాట వచ్చింది. వాళ్ల అబ్బాయిలు అన్నయ్యని పిలిచారు. ముందు పెద్దమ్మ మూడో వంతు పక్కన పెట్టి మాట్లాడండి అన్నాడట అన్నయ్య. వాళ్లకది నచ్చలేదు. మళ్లీ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుందామన్నారని, నన్ను కూడా రమ్మని చెప్పాడు. డ్యూటీ మార్చుకుని వెళ్తున్నాను.