1/48 బైసన్, ఆరో వారం: ముందు అద్దం దగ్గరే ఆగిపోయా

మన ఎయిర్‌ఫోర్స్ మిగ్-21 బైసన్ యుద్ధవిమానానికి 48వ వంతు సైజు బొమ్మ కడుతున్నా. లెక్క ప్రకారం ఈ ఆదివారానికి రంగు మొదలవ్వాలి. ఇంకా కాక్‌పిట్ ముందు అద్దం దగ్గరే ఉన్నా.

కిట్ మామూలు మిగ్-21 బిస్‌ది, దాన్నే ఆధునికంగా మారిస్తే బైసన్. అసలు విమానం రెక్క కొస నుంచి కొసకి 7.15 మీటర్లు, నాది 149 మిల్లీమీటర్లు. బైసన్ కిట్టే కొనచ్చుగా అంటారు, కానీ ఇది ఐదేళ్ళుగా అటక మీద పడుంది, పైగా మన ఎయిర్‌ఫోర్స్ చేసింది కూడా అదే కదా, ఉన్న బిస్‌లనే మార్పించుకుంది. 1996లో 125 విమానాలకి ఒప్పందం, 1998లో మొదటిది రష్యాలో ఎగిరింది, తర్వాతవి నాసిక్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) చేతిలో మారాయి.

చిక్కేంటంటే ఆ మార్పుల్లో ముప్పాతిక లోపలే ఉంటాయి. కోప్యో రాడార్, పైలట్ కళ్ళ ముందే అంకెలు చూపించే ఇజ్రాయెల్ హెడ్-అప్ డిస్‌ప్లే, ఫ్రెంచ్ నావిగేషన్, శత్రు రాడార్ మన మీద పడితే హెచ్చరించే మన తరంగ్, ఇవన్నీ పాత డొక్కులోనే సర్దారు. రాడార్ కూర్చునే కోన్ గాలి పీల్చే నోటి మధ్యలోనే ఉంటుంది, దాన్ని లావు చేస్తే ఇంజిన్‌కి గాలి చాలదు, కాబట్టి అందులో పట్టేంత యాంటెన్నాతోనే సరిపెట్టుకోవాల్సిందే. నా కోన్‌లో రాడార్ బదులు గాలానికి కట్టే సీసపు గుళ్ళున్నాయి, 15 గ్రాములు. అవి లేకపోతే బొమ్మ తోక మీద కూలబడుతుంది.

బయటికి కొట్టొచ్చినట్టు కనపడేది ముందు అద్దమే. బిస్‌కి మధ్యలో ఫ్రేములతో మూడు ముక్కలు, బైసన్‌కి ఫ్రేము లేని ఒకటే వంపు ముక్క. కిట్ అద్దం లోపల ఎం-సీల్ నింపి, గట్టిపడ్డాక అచ్చుగా తీసి, ఫ్రేముల గీతలు పోయేదాకా 400 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 1000తో నీళ్ళలో రుద్దా. స్వీట్ డబ్బా పారదర్శకపు మూత కోసి, రెండు పక్కలా పట్టకార్లతో పట్టుకుని, గ్యాస్ స్టవ్ సిమ్‌లో పెట్టి జానెడు ఎత్తున వేడి చేసి, మెత్తబడి కాస్త వేలాడగానే అచ్చు మీదకి ఒక్క గుంజు గుంజాలి. మొదటిది కాలి తెల్లబడింది, రెండోది ముడతలు. నాలుగోది అద్దంలా వచ్చింది, సంబరపడిపోయి ఫెవిక్విక్‌తో అంటించా. పొద్దున చూస్తే ఆ జిగురు ఆవిరికి లోపలంతా బూజు పట్టినట్టు మసక! తప్పు నాదే, పారదర్శక ముక్కలకి ఫెవికాల్ వాడాలని తెలిసి కూడా. ఇప్పుడున్నది ఏడోది.

మధ్యలో బాబాయ్ వచ్చారు. ఒడిశాలోని సునాబెడ హెచ్‌ఏఎల్‌లో చేసి రిటైరైన మనిషి, మిగ్ ఇంజిన్లు అక్కడే తయారయ్యేవి. చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి, "ఏరా, మా ఆర్-25 ఇంజిన్ ఏదిరా?" అన్నారు. వెనక మంట వచ్చే గొట్టం, నాజిల్ ఒక్కటే ఉంటుంది బాబాయ్ అంటే, "అయితే దీనికి వెండిరంగేంటి, పెళ్ళికొడుకులా? కాలిన ఉక్కు దోసె పెనం అడుగులా ఉంటుంది" అని తేల్చేశారు. ఆయన మాట మీద గన్‌మెటల్ రంగులో చుక్క ముదురు గోధుమరంగు కలిపి వేసి, ఆరాక పెన్సిల్ ముల్లు పొడి వేలితో రుద్దా. నిజంగానే బాగుంది.

రంగుకి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21ల వీడ్కోలు రోజు ఫొటోలు ముందు పెట్టుకున్నా. బూడిదరంగే, కానీ అట్టలు అట్టలుగా, ఒక్కో ప్యానెల్ ఒక్కో తీరు. వాన పడేటప్పుడు రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ జోలికి వెళ్ళను, తేమకి రంగు పాలిపోతుంది. డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తులు) నానబెట్టడానికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చా, మా బోరు నీళ్ళు ఆరితే తెల్ల మరకలే.

ఇక ఆర్-77 మిస్సైళ్ళు. వాటి వెనక రెక్కలు పలకలు కావు, జల్లెడలా ఉంటాయి, కిట్‌లో అసలు లేవు. 40 రూపాయల స్టీలు టీ జల్లెడ కొని, దాన్నే 5 మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తున్నా. రెండు మిస్సైళ్ళకి ఎనిమిది కావాలి. ఆరు కోశా, ఐదే ఉన్నాయి, ఆరోది చాప కింద ఎక్కడో ఉంది.