20 మంది, మూడు శాతాలు

పొద్దున్న ప్రార్థన అయ్యాక హెడ్మాస్టారు మైకు దించకుండానే, "లేటుగా వచ్చేవాళ్లలో 57 శాతం బస్సు పిల్లలే. రేపటి నుంచి బస్సు పిల్లలంతా ముందు బస్సుకి రావాలి" అన్నారు. నా గుండెల్లో రాయి పడింది. ఆ 57 ఎక్కడిదో నాకు తెలుసు. స్టాఫ్‌రూమ్ గోడకి మా పదో తరగతి పిల్లలు అంటించిన చార్టులోది. ఎర్ర స్కెచ్‌తో పెద్దగా రాయమన్నది నేనే.

సంగతేమిటంటే, సాపేక్ష పౌనఃపున్యం, అంటే మొత్తంలో ఎంత వంతు అనే పాఠానికి పుస్తకంలో లెక్కలు వద్దు, మనమే సర్వే చేద్దాం మేడమ్ అని పిల్లలు పట్టుబట్టారు. 8, 9, 10 తరగతుల్లో 120 మందికి చీటీలిచ్చాం. రెండే ప్రశ్నలు. బడికి ఎలా వస్తావు? ఈ వారంలో రెండుసార్లయినా బెల్లు కొట్టాక వచ్చావా? పైడితల్లి అమ్మవారి పండగ, తొలేళ్లు, సిరిమాను ఉన్న వారాన్ని వదిలేశాం. ఆ వారం విజయనగరం చుట్టుపక్కల ఎవరు టైముకి ఎక్కడికి వెళ్తారు! పేర్లు రాయొద్దన్నాం. రాయమంటే బడి మొత్తం వాచ్‌మన్ కంటే ముందే వచ్చేసి ఉండేది.

బోర్డు మీద నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, అలా ఐదేసి చొప్పున లెక్క కట్టారు. బస్సు 80 మంది, అందులో లేటు 20. సైకిల్ 30, లేటు 12. నడక 10, లేటు 3. లేటైనవాళ్లు మొత్తం 35. ఎవడో 20ని 35తో భాగించి 57 శాతం అన్నాడు. అది తప్పేం కాదు. బెల్లు కొట్టేశారు, నేనూ బాగుంది రాసేయండి అన్నాను. అక్కడితో ఆపేయడం మాత్రం నా తప్పే.

ఇవాళ మూడో పీరియడ్‌కి ఆ చార్టు పీక్కుని క్లాసుకెళ్లాను. మూలలు చిరిగాయి. 20 ఉన్న గడి మీద వేలు పెట్టి, "దీన్ని 80తో భాగించండి" అన్నాను. 25 శాతం. "120తో?" 17కి కాస్త తక్కువ. ఒకే గడి, అదే 20 మంది, 57 ఒకసారి, 25 ఒకసారి, 17 ఒకసారి. వెనక బెంచీలో ఒకడు, "ఇందులో ఏది కరెక్టండి?" అన్నాడు. మూడూ కరెక్టే. మూడు వేరే వేరే ప్రశ్నలకి జవాబులు. "లేటైనవాళ్లలో బస్సువాళ్లెంతమంది" అంటే 57. "బస్సువాళ్లలో లేటైనవాళ్లెంతమంది" అంటే 25. "అడిగినవాళ్లందరిలో బస్సులో వచ్చి లేటైనవాళ్లెంతమంది" అంటే 17. ఆ "లో" ఎవరికి తగిలితే వాళ్లే హారం. ఇన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, ఈ మాట ఇవాళే నోటికొచ్చింది.

తర్వాత సైకిల్ వరస చూశాం. 30లో 12, అంటే 40 శాతం. బస్సు పిల్లలు బల్లలు చరిచారు. నడిచొచ్చేవాళ్లది 30 శాతం గానీ, పదిమందే కాబట్టి ఒక్క పిల్లాడు అటూ ఇటూ అయితే పది శాతం ఊగుతుంది, దాని జోలికి పోలేదు. అసలు 120లో 80, మూడింట రెండు వంతులు, బస్సువాళ్లే. సర్వేలో 67 శాతం ఉన్నవాళ్లు లేటులో 57 శాతమే ఉన్నారంటే, వాళ్ల వాటాకన్నా తక్కువే.

నమ్మరేమోనని టైటానిక్ లెక్క చెప్పాను. స్టాటిస్టిక్స్ క్లాసుల్లో వాడే పట్టికలో 2,201 మంది, బతికినవాళ్లు 711. వాళ్లలో అందరికంటే ఎక్కువ ఓడ సిబ్బందే, 212 మంది. మొదటి తరగతి ప్రయాణికులు 203. ఇక్కడిదాకా చూస్తే సిబ్బంది ముందు తమ ప్రాణాలే చూసుకున్నారనిపిస్తుంది. కానీ సిబ్బంది మొత్తం 885 మంది, బతికింది 24 శాతం. మొదటి తరగతిలో ఉన్నది 325, బతికింది 62 శాతం పైనే. క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోయింది.

"మరి సైకిల్ వాళ్లకి లేటెందుకవుతోంది?" అన్నాను. ఎవరూ చెయ్యెత్తలేదు. కిటికీ పక్కన గొలుసు గ్రీసు అంటిన చెయ్యి దాచుకుంటూ ఒక అమ్మాయి లేచింది. "రైలు గేటండి మేడమ్. రాయగడ లైనండి. గూడ్సు ఎల్లిపోయినా తీయరండి, దాని ఎనకే ఇంకోటి వస్తాదండి. కిందనించి దూరితే మాయమ్మ సంపేస్తాదండి." ఒక్క పిల్ల మాట. మా చీటీలో ఊరు అడగనేలేదు, మిగతా పదకొండు మందిదీ గేటేనని ఎలా చెప్పడం? వచ్చే వారం మూడో ప్రశ్న కలపాలని రాసుకున్నాను.

మధ్యాహ్నం హెడ్మాస్టారి గదిలో బల్ల మీద చార్టు పరిచాను. ఓపిగ్గా విన్నారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే సైకిల్ పిల్లల్నే ముందు రమ్మందామంటారా టీచరుగారూ?"

"ముందు గేటు టైములు కనుక్కుందాం సార్."

"చూద్దాం. పొద్దున్న చెప్పింది ఇవాళే మారిస్తే పిల్లల ముందు బాగోదు."

అంచేత రేపు బస్సువాళ్లంతా ముందు బస్సుకే. బస్సు కాంప్లెక్స్‌లో అది ఎక్కాలంటే నేను అయిదింటికి లేవాలి, అలారం పెట్టాను. సర్వే చేసిన వారంలో నేనూ రెండుసార్లు బెల్లయ్యాకే వెళ్లాను. నాకు మాత్రం ఎవరూ చీటీ ఇవ్వలేదు.