పేర్లు మారిన ఓడల పుట్టినింట్లో

జర్మనీలోని హాంబుర్గ్‌లో ఎల్బే నది ఉత్తరపు ఒడ్డున, లాండుంగ్స్‌బ్రూకెన్ అనే పడవల రేవులో నిలబడి చూస్తే, ఆవలి ఒడ్డున నీటిపై తేలుతున్న డాక్‌ల గోడల మీద ఓడలు కట్టే ‘బ్లోమ్ ఉండ్ ఫోస్’ సంస్థ పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. గత అక్టోబరులో నేను ఆ నగరానికి వెళ్లడానికి ఆ పేరే ముఖ్య కారణం. యుద్ధనౌకల పని జరిగే చోటు కనుక లోపలికి అడుగు పెట్టగలనన్న ఆశ నాకు మొదటి నుంచీ లేదు. అయితే ఆ షిప్‌యార్డ్ కార్మికులు ఒకప్పుడు రోజూ పనికి నడిచి వెళ్లిన దారి ఇప్పటికీ తెరిచే ఉందని తెలిసి, ఆ దారినే పట్టుకున్నాను.

ఆ దారి నది అడుగున ఉంది. 1911 సెప్టెంబరులో ప్రారంభమైన పాత ఎల్బే సొరంగం సుమారు 426 మీటర్ల పొడవున, నేలమట్టానికి 24 మీటర్ల లోతున సాగుతుంది. ఒకనాడు గుర్రపు బళ్లను కూడా దించిన పెద్ద లిఫ్టులో సైకిళ్లవాళ్ల మధ్య ఒదిగి నిలబడి కిందికి దిగాను. గోడలకు తెల్లని పలకలు, వాటి నడుమ అక్కడక్కడా రంగుల మట్టి శిల్పాలు ఉన్నాయి. చేపలు, పీతలు సరే, నదీగర్భం కదా అనుకోవచ్చు. కానీ ఒకచోట పాత బూటు చుట్టూ చేరిన ఎలుకలు కనిపించాయి. తెల్లవారుజామున చలిలో పనికి వెళ్లేవాడి కోసమే ఆ శిల్పి ఈ చమత్కారం చేసి ఉంటాడనిపించి, అక్కడ కాసేపు ఆగిపోయాను.

హెర్మన్ బ్లోమ్, ఎర్న్‌స్ట్ ఫోస్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1877 ఏప్రిల్ 5న ఈ సంస్థను స్థాపించారు. అప్పట్లో హాంబుర్గ్ ఓడల యజమానులకు ఇనుప ఓడ కావాలంటే బ్రిటన్ వైపు చూడటమే అలవాటు. ఇంటి ముందున్న వైద్యుణ్ణి నమ్మనట్టే, తమ ఊరి యార్డ్‌ను వారు చాలాకాలం నమ్మలేదు. అందువల్ల తొలి ఏళ్లలో మరమ్మతులు చేసుకుంటూ, కొనేవాడు లేకపోయినా సొంత ఖర్చుతో ఓడలు కట్టుకుంటూ సంస్థ నెట్టుకొచ్చింది. ముప్పై ఏళ్లు తిరిగేసరికి కథ మారింది. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రయాణికుల ఓడలలో రెండింటిని, 1913లో ‘ఫాటర్‌లాండ్’ను, 1914లో ‘బిస్మార్క్’ను ఇక్కడే నీటిలోకి దించారు.

ఆ రెండింటి తరువాతి గతి తెలుసుకున్నప్పుడే ఈ సంస్థ చరిత్ర నన్ను పట్టుకుంది. మాతృభూమి అని పేరు పెట్టుకున్న ఫాటర్‌లాండ్‌ను 1917లో అమెరికా స్వాధీనం చేసుకుని ‘లెవయథన్’ అని పిలిచింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీ నుంచి బిస్మార్క్ బ్రిటన్ చేతికి వెళ్లి ‘మెజెస్టిక్’ అయింది. 1928లో జలప్రవేశం చేసిన ‘యూరోపా’ రెండో యుద్ధం తరువాత ఫ్రాన్స్‌కు చేరి ‘లిబెర్తే’గా మారింది. 1933 నాటి శిక్షణ ఓడ ‘గోర్ఖ్ ఫోక్’ సోవియట్ నావికులకు ‘తొవారిష్’ అయింది. మెట్టినింటికి వెళ్లిన ఆడపిల్లకు ఇంటిపేరే మారుతుంది. ఈ ఓడలకు ఉన్న పేరే పోయింది.

సొరంగం దాటి స్టైన్‌వెర్డర్‌లో పైకి వచ్చేసరికి సన్నని వాన మొదలైంది. యార్డ్ ప్రహరీ వెంట నడుస్తుంటే, చాలామంది చూసే ఉండే ఒక ఫొటో గుర్తుకొచ్చింది. 1936 జూన్ 13న ఇక్కడ ‘హోర్స్ట్ వెసెల్’ అనే శిక్షణ ఓడ జలప్రవేశం నాడు, హిట్లర్ సమక్షంలో కార్మికులందరూ చేతులు చాచి వందనం చేస్తుండగా, ఒక్కడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతడు ఆగస్ట్ లాండ్‌మెసర్ అని కొందరు, గుస్టావ్ వేగెర్ట్ అని కొందరు అంటారు. అక్కడ మనిషి పేరే తేలలేదు. ఓడకు మాత్రం ‘ఈగిల్’ అని కొత్త పేరు వచ్చి, ఈనాటికీ అమెరికా తీరరక్షక దళంలో తిరుగుతోంది.

మూడేళ్ల తరువాత, 1939 ఫిబ్రవరి 14న, బిస్మార్క్ అనే పేరే మళ్లీ ఇక్కడ ఒక యుద్ధనౌకకు పెట్టారు. 1941 మే 27న అది అట్లాంటిక్‌లో మునిగినప్పుడు 2,200 మందికి పైగా ఉన్న సిబ్బందిలో 120 మందైనా మిగలలేదు. యుద్ధకాలంలో ఈ యార్డ్ రెండు వందలకు పైగా జలాంతర్గాములను కట్టింది. చివరి నెలల్లో నోయెన్‌గామె నిర్బంధ శిబిరపు ఖైదీలను ఇక్కడే ఉంచి వారితో చాకిరీ చేయించారు. ఇంజనీరింగ్ ఘనతను మెచ్చుకుంటూ ఇంత దూరం వచ్చిన నాకు ఆ ప్రహరీ పక్కన నడక బరువైంది. యుద్ధం ముగిశాక బ్రిటిష్‌వారు యార్డ్‌ను విప్పేయించారు. 1950లలో అది మళ్లీ తలెత్తినప్పుడు కొన్నేళ్లపాటు సంస్థ కూడా వేరే పేరుతోనే బతికింది. ఆ తరువాత యుద్ధనౌకలు, కోటీశ్వరుల విహారనౌకలు, మరమ్మతులు దాని జీవనాధారమయ్యాయి. 2016లో బ్రెమెన్‌కు చెందిన ల్యుర్సెన్ సంస్థ దానిని కొనుక్కుంది.

మర్నాడు హన్సా రేవులో ‘పెకింగ్’ను చూశాను. సొరంగం ప్రారంభమైన 1911లోనే ఇదే యార్డ్‌లో పుట్టిన నాలుగు స్తంభాల ఉక్కు తెరచాప ఓడ ఇది. దక్షిణ అమెరికా దక్షిణపు కొన అయిన కేప్ హార్న్ చుట్టివచ్చి చిలీ నుంచి నైట్రేట్ మోసింది. 1932లో బ్రిటన్‌కు అమ్ముడుపోయి ‘అరెథూసా’గా శిక్షణ ఓడ అయింది. తరువాత న్యూయార్క్ చేరి, సొంత పేరు తిరిగి తెచ్చుకుని, అక్కడ దశాబ్దాలపాటు తుప్పు పట్టింది. చివరకు 2017లో మరో నౌకపై ఎక్కించి అట్లాంటిక్ దాటించి, మరమ్మతులు చేసి, 2020లో హాంబుర్గ్‌కు తెచ్చారు. ఓడ పక్క పలకల మీద వరుస తప్పకుండా సాగే రివెట్ల బుడిపెలను అరచేత్తో తడిమాను. కొత్త రంగు కింద ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తున తగిలింది.

ఓడపై ఒక పెద్దాయన రంగు గీకుతున్నారు. ఒకప్పుడు ఎదుటి యార్డ్‌లో వెల్డింగ్ పని చేశారట. మాట కలిసిన తరువాత, మీ యార్డ్‌లో కట్టిన బిస్మార్క్ గురించి చెబుతారా అని అడిగాను. ఆయన గీకుడు కత్తిని పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, నా వైపు చూశారు.

“ఏ బిస్మార్క్ అండీ?” అన్నారు.